తల్లి వెళ్తే పిల్లలు వెళ్లినట్టే

మా ఆఫీసులో నాకు నోరెక్కువని పేరు. "నోరా, వీపుకు దెబ్బలు తేకే అన్నారమ్మా పెద్దలు, కాస్త చూసుకో" అని మా సీనియరుగారు రోజుకోసారైనా అనేవారు. గుడివాడ రైసుమిల్లు యజమాని ఒకాయన మా ప్రోగ్రాము తప్పుల తడకని కేకలేస్తే, ఆయన మిల్లులోనే, ఆయన గుమాస్తాల ముందే, తప్పు కంప్యూటరుది కాదండీ, మీ కాటాది అని తేల్చి చెప్పి వచ్చినదాన్ని. అలాంటిదానికి ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కసారి నోరు పడిపోయింది. పెగలాల్సిన రోజునే పడిపోయింది.

రిటైరయ్యాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు పలకరించి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. గెలిచిన కథలు చెప్తాననుకుంటారు పాపం. అవి నా దగ్గర తక్కువ. ఉన్నవాటిలో గట్టిగా గుర్తున్నది ఇదొక్కటే, ఇది చేతులారా పాడుచేసిన కథ.

తొంభైల చివరి సంవత్సరాలు. బందరులో ఒక ఫొటో స్టూడియో మేడ మీద రెండు గదుల ఆఫీసు మాది. సీనియరుగారూ నేనూ, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. మీరిప్పుడు డాష్‌బోర్డు అంటూ రంగురంగుల బొమ్మలు తిప్పి చూపిస్తున్నారు. మాకు నల్ల తెర మీద తెల్లక్షరాలు, చెవులు చిల్లులు పడేలా కీచుమని రాసే డాట్ మ్యాట్రిక్స్. వ్యాపారస్తులు రాసుకున్న పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ సరుకు కదిలింది, ఏది కదల్లేదు అని రిపోర్టు తీసివ్వడం మా వృత్తి. కాయితం మీద గళ్లు తిన్నగా పడితే చాలు, లోపలున్నదంతా నిజమేనని అందరూ నమ్మేవాళ్లు. మేమూ నమ్మేవాళ్లం.

ఒకసారి పెడన నుంచి కలంకారీ అద్దకం చేయించే షావుకారుగారు ఒకరు వచ్చారు. తండ్రి చేతి నుంచి వచ్చిన కార్ఖానా ఆయనది. పన్నెండు బల్లల మీద చెక్క అచ్చులతో దుప్పట్లు అద్దుతారు. పక్కన రేకుల కొట్టు నిండా అచ్చులు, మూడు వేల పైచిలుకు. అప్పటికే ఊళ్లోకి స్క్రీన్ ప్రింటింగ్ వచ్చేసింది. బల్ల మీద వారం పట్టే పని స్క్రీను మీద ఒక రోజులో తెమిలిపోతోంది. కొట్టు ఖాళీ చేస్తే అక్కడ స్క్రీను బల్లలు వేసుకోవచ్చని ఆయన ఆలోచన.

"మూడేళ్లుగా బయటికి రాని అచ్చులు ఏవో తేల్చమ్మాయ్," అన్నారు నాతో. "సగం పైన ఊరికే పడి ఉన్నవే అని నా అనుమానం. నోటితో చెబితే మా కొట్టు తాత ఒప్పుకోడు. కాయితం మీద చూపించాలి."

ఆ కొట్టు తాతగారిని మర్నాడు చూశాను. నలభై ఏళ్లు అచ్చులు చెక్కి, కళ్లకి పొరలు కమ్మాక కొట్టు బాధ్యత తీసుకున్న మనిషి. గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్లో అచ్చు పెట్టుకుని, గుడ్డపేలికతో నూనె పట్టిస్తూ ఉండేవారు. టేకు చెక్క ఎండిపోయి పగలకుండా ప్రతి అచ్చుకీ ఏడాదికి రెండుసార్లు నూనె పట్టించాలట. చేతికి ఏ అచ్చు ఇచ్చినా వేళ్లతో తడిమి పేరు చెప్పేవారు. వెనకవైపు చెక్కిన నంబరు ఎవరైనా చదివి వినిపిస్తే చాలు, అది ఏ అరలో ఉంటుందో, ఏ మూల ఎంత అరిగిందో చెప్పేసేవారు. మనిషి ముఖం మాత్రం మబ్బుగానే కనబడేదట. నన్ను గొంతుని బట్టే గుర్తుపట్టేవారు, నాది గుర్తుపట్టలేని గొంతు కూడా కాదులెండి.

"రా కంప్యూటరమ్మా," అనేవారు. "ఇయ్యాళ ఎవరి మీద కేకలేసి వచ్చావు?"

రెండు వారాలు ఆ గుమ్మంలో కూర్చుని, కొట్టులో ఉన్న అచ్చులన్నిటి నంబర్ల జాబితా, ఆయన ఇచ్చిపుచ్చుకోల పుస్తకం నకలు రాసుకున్నాను. ఏ రోజు ఏ అచ్చు కొట్టులోంచి బల్ల మీదికి వెళ్లింది, ఎప్పుడు తిరిగొచ్చింది అన్నది పెద్ద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. రాస్తుంటే ఆయన చిలక దుప్పటి ఆర్డరు గురించి చెప్తూ ఉండేవారు. చిలక డిజైను ఆయన చూపు పోకముందు చెక్కిన ఆఖరిది. పై దేశం కొనుగోలుదారు ఒకరికి అది నచ్చి మూడొందల దుప్పట్లు అడిగారట.

"షావుకారుగారు నాకు మాటిచ్చారమ్మా," అన్నారు. "ఈ ఆర్డరు గడువుకి వెళ్లిందా, కొట్టు జోలికి రాను తాతా అన్నారు. బల్లలుంటాయి, అద్దేవాళ్లుంటారు. వెళ్లలేదా, ఇక స్క్రీనే. పన్నెండు బల్లల మీద ఇరవై నాలుగు మందమ్మా. అందరి బువ్వా ఆ చిలక ముక్కున ఉంది."

అడ్డంకి ఒకటి ఉంది. ఎరుపు అద్దే అచ్చు ఒకటి మూల విరిగింది. దాన్ని ఇంకొకళ్ల చేతికి ఇవ్వడం ఆయనకి ఇష్టం లేదు. అందుకనే, ఎన్నేళ్లుగానో ఇంట్లోవాళ్లు పోరుతున్నా వినని మనిషి, బందరులో కంటి ఆపరేషనుకి ఒప్పుకున్నారు. చూపొస్తే ఆ మూల తనే చెక్కుకోవచ్చని.

ఇక్కడే నేను మీకొక చిన్న సంగతి చెప్పాలి. ఒక్క రంగుకి ఒక్క అచ్చు. ముందు నల్లగా గీతలు అద్దే అచ్చు పడుతుంది, ఆ గీతల్లోపల మిగిలిన రంగులు నింపడానికి ఒక్కోటీ ఒక్కో అచ్చు. అంటే ఒక డిజైనుకి నాలుగో అయిదో చెక్కలు, ప్రతి చెక్కకీ సొంత నంబరు. పుస్తకం రాస్తూ రాస్తూ ఒకచోట ఆగాను.

"తాతగారూ, చిలక డిజైనుకి అయిదచ్చులు కదా. పుస్తకంలో ఒక్క నంబరే రాశారేంటి?"

"అది తల్లమ్మా. గీతల అచ్చు. మిగిలిన నాలుగూ దాని పిల్లలు. తల్లి వెళ్తే పిల్లలు వెళ్లినట్టే. మళ్లీ వేరే రాయాలా?"

"మీకు తెలుసండీ. కంప్యూటరుకి తెలీదుగా."

ఆయన నూనెగుడ్డ పక్కన పెట్టారు. "తల్లేదో పిల్లేదో తెలీదా! మరి దానికేం తెలుసమ్మా?"

పకపకా నవ్వాను. నవ్వి, సంచీలోంచి నా నోటుబుక్కు తీసి రాసుకున్నాను: తల్లి వెళ్తే పిల్లలు వెళ్లినట్టే. ఏ తల్లికి ఏ పిల్లలో నంబర్లు తాతగారిని అడిగి కలపాలి. తర్వాత. ఆ "తర్వాత" కింద గీత కూడా గీశాను. నా పద్ధతి గురించి నాకే ముచ్చటేసింది.

కలపడం పెద్ద పనేం కాదు. ఆరేడు వందల తల్లుల పేర్లు నేను చదివితే, ఆయన పిల్లల నంబర్లు చెబితే, మూడు రోజుల పని. కానీ గుడివాడ మిల్లు గొడవ నెత్తి మీద ఉంది. ముందు ప్రోగ్రాము నడిపి చూద్దామని ఒక పది పేజీలు ప్రింటు తీశాను. చక్కగా వచ్చింది. ఆపరేషనుకి వెళ్లే ముందురోజు తాతగారికి చూపించడానికి పెడన తీసుకెళ్లాను. ఆయన కాయితం రెండు చేతులతో పట్టుకుని, ప్రింటరు సూదులు పొడిచిన అక్షరాల మీద వేలు పెట్టి తడిమారు.

"ఏం రాసిందో చదివి పెట్టమ్మా."

"అన్నీ నంబర్లే తాతగారూ. బోలెడు ఉన్నాయి. మీరు కళ్లు బాగు చేయించుకుని రండి, తర్వాత తీరిగ్గా కూర్చుందాం."

బస్సుకి టైమైపోతోందని ఆయన చేతిలోంచి కాయితాలు తీసేసుకున్నాను. ఒక్క పేజీ చదివి ఉంటే, నాలుగో నంబరు దగ్గరే ఆయన "ఇవన్నీ పిల్లలేనమ్మా!" అనేవారు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

ఆయన సోమవారం బందరు ఆసుపత్రిలో చేరారు. బుధవారం షావుకారుగారి ఫోను. మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి కుటుంబమంతా మోపిదేవి వెళ్తున్నారట, అటునుంచి అవనిగడ్డలో వియ్యాలవారింట్లో మూడు రోజులు ఉండి వస్తారట, బయల్దేరేలోపల రిపోర్టు కావాలట.

"పిల్లల్ని ఇంకా కలపలేదు సార్," అన్నాను మా సీనియరుగారితో.

"ఏ పిల్లల్నమ్మా?"

విడమరిచి చెప్పాను. ఆయన విన్నారు కూడా. "తల్లీ పిల్లా తర్వాత చూద్దాంలే. ఉన్నది ఇచ్చెయ్. కాయితం చూసి ఆ పూటే కొంప ముంచుకునే షావుకారు ఉంటాడా ఎక్కడైనా?"

"పోనీ కింద ఒక లైను వెయ్యనా, ఇది పూర్తి రిపోర్టు కాదని?"

"అలా వేస్తే ఇక మన కాయితం ఎవడు నమ్ముతాడు?"

వెయ్యలేదు. చిన్నవాళ్లకి చెప్పదగ్గ నీతి ఈ కథలో ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. ఆ ఒక్క లైను టైపు చెయ్యడానికి అర నిమిషం చాలు.

గురువారం పెడన వెళ్లి ఇచ్చాను. దొంతర బరువుకి షావుకారుగారి చెయ్యి కిందికి వంగింది. చివరి పేజీ తిప్పి మొత్తం చూశారు. రెండు వేల మూడొందల పైన. మూడేళ్లుగా కదలని అచ్చులు.

"ఓరి దేవుడా, ఇంత పడి ఉందా!" అన్నారు. "ఎంత బాగా తేల్చావమ్మాయ్. నేను సగం అనుకుంటే నాలుగింట మూడొంతులు చూపించావే."

అక్కడైనా నాకు బుర్ర పనిచెయ్యాలి. ఏ కార్ఖానాలో నాలుగింట మూడొంతుల పనిముట్లు మూడేళ్లు ఊరికే పడి ఉంటాయి? మెచ్చుకుంటున్నారు కదా, ఒళ్లు తెలీలేదు. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ గుమాస్తాని పిలిచి, "ఇందులో నంబరున్న ప్రతిదీ తీయించెయ్. నేను తిరిగొచ్చేసరికి ఆ అరలు ఖాళీ కావాలి. వాడే అచ్చులు ఎలాగూ ఉంటాయి, తాతకిచ్చిన మాటకేం లోటు లేదు" అన్నారు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. తీయించడమంటే వసారాలో పెట్టించడం కాబోలు అనుకున్నాను. అడగలేదు.

శుక్రవారం నుంచి ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడి జాడ లేదు. ఎండ లేకపోతే అద్దకం లేదు కాబట్టి బల్లల మనుషులంతా ఇళ్లకి వెళ్లిపోయారు. ఏ అచ్చు ఏమిటో తెలిసిన ఇరవై నాలుగు మందిలో ఒక్కరు లేరు, తాతగారు లేరు, షావుకారుగారు లేరు. ఉన్నది గుమాస్తా, ఆయన బయటి నుంచి పిలిచిన కూలీలు, నా రిపోర్టు. వెనక నంబరు చూడటం, కాయితంలో ఉంటే బుట్టలో వెయ్యడం. నా కాయితం చాలా స్పష్టంగా ఉంది, ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

సోమవారం తెరిపిచ్చింది. ఆ రోజు తాతగారిని ఆసుపత్రి నుంచి పంపించారు. అనుకున్నట్టే పిల్లల నంబర్లు రాసుకుందామని నేనూ బయల్దేరాను, బందరు బస్టాండులో ఎదురుపడ్డారు. నల్లకళ్లద్దాలు, చేతిలో మందుల కవరు. తాతగారూ అనగానే గొంతుని బట్టి గుర్తుపట్టి, నన్ను తేరిపార చూశారు.

"నువ్వేనా కంప్యూటరమ్మ? ఇంత చిన్నదానివా! ఆ నోరు చూసి ఎంతో పెద్దావిడవనుకున్నాను."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇద్దరం పెడన బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. కాలవలో గుర్రపుడెక్క పూలు ఊదారంగు అని మర్చేపోయారట. ఎదురొచ్చే లారీ నంబర్లు పైకి చదువుతూ వచ్చారు. "ముందు ఎర్రపిల్ల మూల సరిచేస్తానమ్మా. నాలుగు రోజులు చాలు. గడువుకి ఇంకా ఇరవై ఉన్నాయి," అన్నారు. ఆ పావుగంట ప్రయాణమంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

కార్ఖానా పెరట్లో పొగ లేస్తోంది. ముసురుకి ముందు అద్దిన గుడ్డ అంతా నిలిచిపోయింది కదా, రంగు పట్టడానికి తెల్లవారుజాము నుంచీ రాగి గంగాళాలన్నిట్లో ఉడకపెడుతున్నారు. పొయ్యి ఎగేస్తున్న మనిషి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"కళ్లు బాగయ్యాయా తాతగారూ? ఇన్నేళ్లూ ఏం నూనె పట్టించారో గానండీ, కట్టెలన్నీ తడిసి ఏడుస్తుంటే ఇవి మాత్రం అంటించగానే అందుకుంటున్నాయి. షావుకారుగారు ఉన్నప్పుడే గుమాస్తాగారికి చెప్పెళ్లారంట, పనికిరానివి పొయ్యికి వేసుకోమని."

అతని చేతిలో ఉన్నది అచ్చు. నాకే తెలిసింది, తాతగారికి తెలీదా. ఆయన పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా కొట్టులోకి వెళ్లారు. పై అరల్లో తల్లులు వరసగా ఉన్నాయి. కింది అరలన్నీ ఖాళీ. ఆయన నల్లకళ్లద్దాలు తీసి, కొత్తగా వచ్చిన చూపుతో ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకి చూశారు. మళ్లీ నమ్మకం కుదరక, కళ్లు మూసుకుని, ఎప్పటిలాగే చెయ్యి చాపి అర మీద తడుముకుంటూ నడిచారు. అర చివరిదాకా చేతికేమీ తగల్లేదు.

"పిల్లలేరమ్మా?" అన్నారు.

ఆ ప్రశ్న ఎవరినో అడిగినట్టు నిలబడ్డాను. తర్వాత ఆయన పొయ్యి పక్కన మిగిలిన పోగు ముందు కూర్చుని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నారు. నూటికి దగ్గరగా ఉంటాయి. వాటిలో చిలక పిల్ల ఒక్కటీ లేదు. నేనూ పక్కన కూర్చుని నంబర్లు చూస్తున్నాను. నంబర్లన్నీ నాకు కంఠతా వచ్చినట్టే ఉన్నాయి, మూడు వారాలుగా నేను టైపు చేసినవే కదా.

మధ్యాహ్నానికి షావుకారుగారి జీపు వచ్చింది. గుండుకి గంధం పూసుకున్న మనవణ్ణి ఎత్తుకుని దిగారు. సంగతి బోధపడటానికి ఆయనకి కాసేపు పట్టింది. పట్టాక ఆయన మొహం మాడిపోయింది. ఎందుకంటే చిలక ఆర్డరు తాతగారి ఆశే కాదు, షావుకారుగారి పరువు కూడా. మా సీనియరుగారికి ఫోను చేశారు. గంటలో ఆటోలో వచ్చి దిగారు ఆయన. అందరం కొట్టు ముందు నిలబడ్డాం.

"వాడకంలో ఉన్న అచ్చుల్ని వాడకంలో లేవని ఎలా రాశారయ్యా?" అన్నారు షావుకారుగారు.

మా సీనియరుగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మాకేం తెలుస్తుందండీ? పుస్తకంలో ఎలా ఉంటే అలా ఎక్కించాం. పుస్తకంలో ఈ నంబర్లు రాయలేదు. కావాలంటే మీరే చూసుకోండి."

షావుకారుగారు నా వైపు తిరిగారు. "ఏమ్మాయ్, నిజమేనా? నీకు ఎవరూ చెప్పలేదా?"

నోటుబుక్కు నా సంచీలోనే ఉంది. భుజానికి తగుల్తోంది. నా చేతిరాతతో, కింద గీతతో సహా ఉంది. చెబితే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది. పోతే ఏమవుతుంది? బందరులో కాకపోతే బెజవాడలో ఇంకోటి దొరుకుతుంది. ఇదంతా ఇప్పుడు చెప్తున్న లెక్క. అప్పుడు నాకు తెలిసింది భయం ఒక్కటే. మిల్లులో కాటా ముందు నిలబడి కేకలేసిన నా నోరు ఎండిపోయి అంగిట్లో అతుక్కుపోయింది. నేను "చెప్పలేదు" అనలేదు. "చెప్పారు" అని కూడా అనలేదు. తల దించుకున్నాను. దించుకున్న తలని ఎవరికి కావలసినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు.

తాతగారు నన్నే చూస్తున్నారు. కొత్త చూపు, రెప్ప వెయ్యకుండా.

"పుస్తకం నాదేనండి," అన్నారు షావుకారుగారితో. "నేనే రాయలేదు. కంప్యూటరు రాసేటప్పుడు రాయాలని తెలీలేదు."

"మళ్లీ చెక్కగలవా తాతా?"

"ఒక్కో పిల్లకి పన్నెండు రోజులు. నలుగురు పిల్లలు. మీ గడువు ఇరవై రోజులు."

ఆర్డరు పోయింది. నెల తిరక్కుండా కొట్టులో స్క్రీను బల్లలు పడ్డాయి. అద్దేవాళ్లలో నలుగురైదుగురు స్క్రీను నేర్చుకున్నారు, మిగిలినవాళ్లు తలో దారీ పట్టారు. ఒకతను మంగినపూడి బీచి దగ్గర కొబ్బరిబోండాలు అమ్ముతూ కనబడితే నేను మొహం తిప్పుకుని వెళ్లిపోయాను. కొట్టే లేనప్పుడు కొట్టు మనిషి ఎందుకని తాతగారిని కూడా ఇంటికి పంపించేశారు. "ఎంతటి పనిమంతుడైనా పుస్తకం సరిగా రాసుకోకపోతే ఇంతే" అని ఊళ్లో అనుకున్నారట. తల్లుల్ని మాత్రం షావుకారుగారు గోనెసంచుల్లో వేయించి అటక ఎక్కించారు. నా రిపోర్టు ప్రకారం అవి కదిలే సరుకు మరి.

ప్రోగ్రాము సరిచేశాను. తల్లికి పిల్లల్ని కలిపే భాగం నలభై నిమిషాల్లో అయిపోయింది. కలపడానికి పిల్లలు లేరు, అంతే. మా సీనియరుగారు ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆఫీసులో నా నోరు తగ్గిందని మాత్రం ఆయన సంతోషించారు.

ఏడాది గడిచింది. అటక కూడా ఖాళీ చెయ్యాలని షావుకారుగారు మళ్లీ అదే రిపోర్టు, ఈసారి ఏడాది లెక్కకి, అడిగారు. పాత అచ్చుల్ని గోడలకి తగిలించుకోవడానికి కొనేవాళ్లు హైదరాబాదులో దొరికారట. ప్రోగ్రాము నడిపాను. ప్రింటరు కీచుమంటూ రాసుకుపోయింది. తల్లులన్నీ వచ్చాయి. పిల్లలు లేని తల్లిని బల్ల మీదికి ఎవరు తీసుకెళ్తారు? ఏడాదిగా ఒక్కటీ కదల్లేదు. ఎక్కడైనా తప్పు ఉండకపోతుందా అని మూడుసార్లు సరిచూశాను. ఈసారి నా రిపోర్టులో ఒక్క తప్పు లేదు.

ఆ కాయితాలు షావుకారుగారికి ఇవ్వలేదు. ముందు తాతగారి ఇంటికి తీసుకెళ్లాను. పెడనలో సాలె వీధి, పక్కింట్లో మగ్గం ఆడుతోంది. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"రా కంప్యూటరమ్మా," అన్నారు.

నోటుబుక్కు తీసి, ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. "మీరు చెప్పారు తాతగారూ. నేను రాసుకున్నాను కూడా. ఆ రోజు అందరి ముందూ చెప్పాల్సింది. నోరు రాలేదు." ఏడుపొచ్చేసింది, ఆపుకోలేదు.

ఆయన పేజీ వైపు చూడలేదు. "తెలుసమ్మా."

"ఎలా తెలుసండీ? అప్పుడు మీకు కళ్లు కనబడవుగా."

"కళ్లు కనబడకపోతే చెవులకేమైంది? నువ్వు సంచీ తియ్యడం, పుస్తకం తెరవడం, రాయడం అంతా విన్నాను. కింద గీత గీసిన చప్పుడు కూడా విన్నాను."

మగ్గం చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది. మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయనంతట ఆయనే అన్నారు. "నువ్వే చెప్తావని చూశానమ్మా. చాలాసేపు చూశాను."

తిట్టి ఉంటే బాగుండేది. కోపం లేదని చెప్పినా ఎంతో కొంత బరువు దిగేది. అదీ చెప్పలేదు. నా చేతిలో ఉన్న దొంతర కేసి చూశారు. "అదేంటది?"

"మళ్లీ అదే రిపోర్టండీ. ఈసారి తల్లులు వచ్చాయి, పేర్లతో సహా."

"ఇంగ్లీషులో ఉందా?"

"అవునండీ."

"చదివి పెట్టు."

అరుగు కింది మెట్టు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. బస్సు టైము చూసుకోలేదు. నేను తల్లి పేరు చదివితే, ఆయన పిల్లల లెక్క చెప్పేవారు. మామిడిపిందె, ముగ్గురు. గొలుసు తామర, నలుగురు. నెమలి అంచు, అయిదుగురు, అందులో పసుపుది మా నాన్న చెక్కింది, అన్నారు. చిలక దగ్గర మాత్రం చెయ్యి ఊపి ముందుకు వెళ్లమన్నారు. ఎండ అరుగు దిగిపోయేదాకా చదివాను. గొంతు బొంగురుపోయింది.

ఆఖరి పేరు చదివి కాయితాలు మడిచాను.

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నారు.

లేవండీ, అన్నాను.